గురక వెనక గుండె చప్పుడు

(మిన్నెసోటాలో మా తెలుగువాళ్ళ ఉగాది వేడుకల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి అయింది, పంచాంగ శ్రవణం అయింది, పిల్లల నృత్యాలు అయ్యాయి. మీకూ భోజనానికీ మధ్య ఇప్పుడు నేనొక్కణ్ణే అడ్డం. పులిహోర, బొబ్బట్లు తిన్నాక నిద్ర గురించి మాట్లాడితే సభలో అందరూ ప్రాక్టికల్స్ మొదలుపెడతారని భయపడి, నిర్వాహకులు నన్ను ముందే వేదిక ఎక్కించారు. వారికి నా ధన్యవాదాలు.

ముందుగా ఒక మనవి. నేను డాక్టర్ని కాను. ఇంజనీరింగ్ చదువుకుని, ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో పొట్టపోసుకుంటున్నవాణ్ణి. ఈ హాల్లో అసలైన డాక్టర్లు చాలామందే ఉన్నారు. నేను తప్పు చెబితే వాళ్ళు భోజనాల దగ్గర నన్ను పట్టుకుని దిద్దవచ్చు. నేను మాట్లాడేది రోగిగా, ఒక కొడుకుగా. ఈ జబ్బు గురించి ఏడేళ్ళుగా దొరికినదల్లా చదువుతున్నాను. మన ప్రోగ్రాములో బగ్ ఉందని తెలిస్తే అది దొరికేదాకా నిద్రపట్టదు కదా, ఇక్కడ బగ్ నా నిద్రలోనే ఉంది.

మాది తెనాలి. మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన గురక మా వీధిలో ప్రసిద్ధం. ఎండాకాలం డాబా మీద పడుకుంటే పక్కింటివాళ్ళు, ‘మాస్టారు రైలెక్కారు’ అని నవ్వుకునేవారు. ఆయనా నవ్వేవారు. మనలో గురకంటే ఒక గౌరవం కూడా ఉంది. గురకపెట్టి నిద్రపోతున్నాడంటే చీకూ చింతా లేని మనిషని అర్థం. నిద్ర సుఖమెరుగదు అని సామెత. కానీ అంత నిద్రపోయిన మనిషి మధ్యాహ్నం క్లాసులో కుర్చీలో కూర్చుంటే ఎందుకు జోగేవారో, పొద్దున్నే తలనొప్పని అమృతాంజనం ఎందుకు రాసుకునేవారో మేమెవరం ఆలోచించలేదు. బీపీకి రెండు రకాల మాత్రలు వాడినా అది ఎందుకు దిగలేదో కూడా ఎవరం అడగలేదు.

2008లో, 58వ ఏట, ఆయన నిద్రలోనే పోయారు. అప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. ఫోన్ వచ్చేసరికి మనకి సాయంత్రం. పాలవాడు తలుపు కొడితే తియ్యలేదట. ఊరికి వెళ్ళినప్పుడు పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకే మాట అన్నారు: ‘పుణ్యాత్ముడు, అనాయాస మరణం.’ నేనూ అదే నమ్మాను. ఆ మాట మాకు చాలాకాలం ఓదార్పుగా ఉంది.

ఇక నా సంగతి. 2019లో నాకు నలభై నిండాయి. అప్పటికే మా ఆవిడ రెండేళ్ళుగా పోరుతోంది. ‘ఏవండీ, మీ గురకతో నాకు గొడవ లేదు, అలవాటైపోయింది. మధ్యలో గురక ఆగిపోతోంది చూడండీ, అదీ నా భయం. మళ్ళీ మొదలయ్యేదాకా నేను లెక్కపెట్టుకుంటూ కూర్చుంటున్నాను’ అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఒక శనివారం మధ్యాహ్నం స్నేహితుణ్ణి రాచెస్టర్‌లో దింపి 52వ నంబరు హైవే మీద తిరిగొస్తున్నాను. పట్టపగలు, ఎండ బాగా కాస్తోంది. వెనక సీట్లో మా అమ్మాయి. రోడ్డు అంచున గాట్లుంటాయి కదా, వాటి మీదికి చక్రం ఎక్కి కారంతా గడగడలాడింది. కళ్ళు తెరిచాను. తెరిచానంటే అంతవరకూ మూసుకునే ఉన్నాయన్నమాట. మా అమ్మాయి, ‘నాన్నా, ఏమైంది?’ అంది. ఏమీ లేదమ్మా అన్నాను. సోమవారం పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చేశాను.

నిద్ర పరీక్ష చేశారు. తలకీ, ఛాతీకీ, కాళ్ళకీ వైర్లు తగిలించి పడుకోమంటారు. మన సర్వర్లకి మానిటరింగ్ పెట్టినట్టే. రిపోర్టులో ఒక అంకె ఉంటుంది, దాన్ని ఏ.హెచ్.ఐ. అంటారు. గంటకి ఎన్నిసార్లు ఊపిరి పూర్తిగా ఆగింది, ఎన్నిసార్లు బాగా తగ్గింది, రెండూ కలిపిన లెక్క. కనీసం పది సెకన్లు ఆగితేనే లెక్కలోకి తీసుకుంటారు. అయిదు లోపు మామూలు. అయిదు నుంచి పదిహేను స్వల్పం, పదిహేను నుంచి ముప్ఫై మధ్యస్థం, ముప్ఫై దాటితే తీవ్రం. నాది 38. ఏడు గంటల నిద్రకి గుణిస్తే రాత్రికి 266 సార్లు. రాత్రికి 266 సార్లు రీబూట్ అయ్యే సర్వర్ పగలు సరిగా పనిచేస్తుందని ఎవరైనా అనుకుంటామా?

జరిగేది ఇది. మెలకువగా ఉన్నప్పుడు గొంతు వెనక కండరాలు బిగువుగా ఉండి గాలి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. దారి ఇరుకైతే గాలి రాపిడికి వచ్చే చప్పుడే గురక. పూర్తిగా మూసుకుపోతే నిశ్శబ్దం. ఛాతీ మాత్రం ఊపిరి లాగుతూనే ఉంటుంది, గాలి మాత్రం వెళ్ళదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. చివరికి మెదడు గంట కొడుతుంది. మనిషి ఒక్క క్షణం మేలుకుని, గుటక వేసినట్టు ఒక పెద్ద శబ్దం చేసి, ఊపిరి తీసుకుని, మళ్ళీ నిద్రలోకి జారుకుంటాడు. పొద్దున్న లేచాక ఆ మెలకువలేవీ గుర్తుండవు. తన జబ్బు తనకి తెలియదు, పక్కన పడుకున్నవాళ్ళకి తెలుస్తుంది. దీన్నే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు.

గొంతులో జరిగే దానికి గుండెతో ఏం పని? ఈ ప్రశ్న మీద పనిచేసినవారిలో ముందు చెప్పుకోవాల్సిన ఒకాయన మన పక్క ఊళ్ళోనే, గంటన్నర దూరంలో ఉన్న రాచెస్టర్ మేయో క్లినిక్‌లో పరిశోధన చేశారు. ఆయన పేరు డాక్టర్ విరెంద్ సోమర్స్. హృద్రోగ నిపుణుడు.

మేయోకి రాకముందు ఆయన ఐయోవా విశ్వవిద్యాలయంలో ఉండేవారు. మన ఒంట్లో ప్రమాదం వచ్చినప్పుడు గుండెని పరిగెత్తించి, రక్తనాళాలని బిగించే ఒక నరాల వ్యవస్థ ఉంది, సింపథెటిక్ వ్యవస్థ. పులి ఎదురైతే పనికొచ్చేది అదే. మోకాలి దగ్గర నరంలోకి వెంట్రుకంత సన్నని సూది పెట్టి, ఆ నరంలో నడిచే సంకేతాలను నేరుగా వినొచ్చు. సోమర్స్ బృందం మనుషులు నిద్రపోతుండగా ఆ పని చేసింది. మోకాలిలో సూదితో నిద్రపోయిన ఆ మహానుభావులకి ఒక నమస్కారం పెట్టాలి. 1993లో వచ్చిన వారి పరిశోధన ఆరోగ్యవంతుల గురించి: గాఢనిద్రలో ఈ సంకేతాలు బాగా తగ్గుతాయి, రక్తపోటూ దిగుతుంది. గుండెకి రోజు మొత్తంలో దొరికే విశ్రాంతి అదే.

1995లో ఆప్నియా రోగుల మీద చేసిన పరిశోధన వచ్చింది. వీళ్ళలో బొమ్మ తిరగబడింది. ఊపిరి ఆగిన ప్రతిసారీ ఆ నరం అరుస్తుంది. ఊపిరి తిరిగి వచ్చే క్షణంలో రక్తపోటు ఎగిరిపడుతుంది. మెలకువలో 92 ఉన్న సగటు రక్తపోటు, నిద్రలో ఒక దశలో 116కి, కలలొచ్చే దశలో 127కి చేరింది. ఇంకా విచిత్రం, ఈ రోగులు పగలు మెలకువగా, హాయిగా కూర్చున్నప్పుడు కూడా ఆ నరం మామూలు వాళ్ళకంటే ఎక్కువగా పనిచేస్తోంది. రాత్రంతా పులి తరిమిన మనిషి ఒళ్ళు పగలు కూడా పులి కోసం చూస్తూనే ఉంటుందన్నమాట. ముక్కుకి మాస్కు పెట్టి గాలి దారి తెరిచి ఉంచితే ఆ అరుపు తగ్గింది. మా నాన్నగారి బీపీ రెండు మాత్రలకీ ఎందుకు లొంగలేదో, ఈ పరిశోధన చదివాక నాకొక అనుమానం మొదలైంది.

అనుమానం నాదే గానీ, ఆధారం మరోచోట ఉంది. విస్కాన్సిన్‌లో ప్రభుత్వోద్యోగులను ఏళ్ళ తరబడి గమనించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. 1993లో వాళ్ళు లెక్క కడితే, 30 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళలో 24 శాతానికి, ఆడవాళ్ళలో 9 శాతానికి ఏ.హెచ్.ఐ. అయిదు లేదా అంతకుమించి ఉంది. 2000లో మరో ఫలితం ప్రకటించారు: ఏ.హెచ్.ఐ. పదిహేను, అంతకుమించి ఉన్నవాళ్ళకి నాలుగేళ్ళ తర్వాత అధిక రక్తపోటు ఉండే అవకాశం దాదాపు మూడు రెట్లు.

గుండె లయ మీద కూడా మేయోలో పని జరిగింది. మూసుకుపోయిన గొంతుతో ఊపిరి లాగుతున్నప్పుడు ఛాతీలో ఒత్తిడి బాగా పడిపోతుంది. గుండె పై గదుల గోడలు పలచన, అవి సాగుతాయి. ఆ గదుల లయ తప్పే జబ్బు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. కరెంటు షాకుతో లయ సరిచేసిన రోగులను 2003లో సోమర్స్ బృందం పరిశీలించింది. ఆప్నియా ఉండి సరైన చికిత్స తీసుకోనివాళ్ళలో ఏడాదిలోగా 82 శాతం మందికి మళ్ళీ లయ తప్పింది. మాస్కు వాడినవాళ్ళలో 42 శాతానికే. చిన్న అధ్యయనమే గానీ, హృద్రోగ నిపుణుల దృష్టి నిద్ర వైపు తిప్పింది.

ఇప్పుడు నాకు కష్టమైన చోటికి వస్తున్నాను. 2005లో డాక్టర్ అపూర్ గామి, డాక్టర్ సోమర్స్, వారి సహచరులు ఒక పత్రం ప్రకటించారు. నిద్ర పరీక్ష చేయించుకుని, ఆ తర్వాత గుండె సంబంధమైన కారణాలతో హఠాత్తుగా చనిపోయిన 112 మంది మిన్నెసోటావాసుల రికార్డులు తీశారు. ఒకటే ప్రశ్న: ఏ వేళ పోయారు? మామూలుగా హఠాన్మరణాలు పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం లోపు ఎక్కువ, రాత్రి వేళ తక్కువ. ఆప్నియా లేనివాళ్ళలో అర్ధరాత్రి నుంచి ఆరు లోపు పోయినవాళ్ళు 21 శాతం. ఆప్నియా ఉన్నవాళ్ళలో 46 శాతం.

ఈ పత్రం నేను మా కిచెన్ టేబుల్ దగ్గర చదివాను. మా నాన్నగారు ఏ వేళకి పోయారన్నది ఆ రోజు వచ్చిన డాక్టరు గారి అంచనాయే: తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో. కంప్యూటర్ మూసేసి చాలాసేపు కూర్చున్నాను.

మర్నాడు అమ్మకి ఫోన్ చేశాను. నా పరీక్ష సంగతి మాత్రమే చెప్పాను. అంతా విని, ‘మీ నాన్నకీ అలాగే ఆగేదిరా. నేను భుజం మీద తట్టి పక్కకి తిప్పేదాన్ని. తిప్పితే మళ్ళీ సర్దుకునేది’ అంది. కొంచెంసేపు ఆగి, ‘ఆ రాత్రి నేను మీ చెల్లి పురిటికని బెజవాడలో ఉన్నాను కదరా’ అంది.

పదకొండేళ్ళు ఆవిడ ఆ మాట ఎవరితోనూ అనలేదు.

నేను ఇంజనీర్ని కాబట్టి కచ్చితంగా ఒక్కటి చెప్పగలను: లాగ్స్ లేని చోట కారణం తేల్చలేం. నాన్నకి ఏ నిద్ర పరీక్షా జరగలేదు. ఆయన దేనివల్ల పోయారో నాకు తెలియదు, ఇక ఎవరికీ తెలియదు. 112 మంది లెక్కని ఒక మనిషికి అంటగట్టడం శాస్త్రం కాదు. అమ్మకి అదే చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాను. పక్కకి తిరిగి పడుకోవడం ఇప్పటికీ డాక్టర్లు చెప్పే చికిత్సల్లో ఒకటి. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది, పక్కకి తిరిగితే దారి తెరుచుకుంటుంది. ‘అమ్మా, నువ్వు ముప్ఫై ఏళ్ళు రాత్రిళ్ళు లేచి చేసింది వైద్యమే’ అన్నాను. ఈ సంగతి సభలో చెప్పొచ్చా అని అడిగితే, ‘నలుగురికీ పనికొస్తే చెప్పు’ అంది.

ఇది విని ఎవరూ ఇవాళ రాత్రి భయంతో మేలుకుని కూర్చోవద్దు. అదే మేయో బృందం 2013లో 10,701 మంది మీద పెద్ద అధ్యయనం ప్రకటించింది. సగటున అయిదేళ్ళకు పైగా గమనిస్తే, గుండె హఠాత్తుగా ఆగినవాళ్ళు 142 మంది. అంటే అరుదే. ఎవరికి ప్రమాదం ఎక్కువో కూడా అందులో తేలింది: వయసు 60 దాటినవాళ్ళకి, ఏ.హెచ్.ఐ. 20 దాటినవాళ్ళకి, నిద్రలో ఆక్సిజన్ 78 శాతం కంటే కిందికి దిగేవాళ్ళకి. మన రిపోర్టులో ఏ.హెచ్.ఐ. ఒక్కటే చూసి వదిలెయ్యకుండా, ఆక్సిజన్ ఎంతవరకు పడిందో కూడా అడగాలని నేను నేర్చుకున్నది ఇక్కడే.

చికిత్స సంగతికొద్దాం. ముఖ్యమైనది సిపాప్ యంత్రం. 1981లో ఆస్ట్రేలియాలో కొలిన్ సలివన్ అనే డాక్టరు అయిదుగురు రోగుల మీద దీన్ని ప్రయత్నించి చూపించారు. తొలి రోజుల్లో వాక్యూమ్ క్లీనర్ మోటారు లాంటివాటితో నడిపారు. మందు లేదు, కత్తి లేదు. ముక్కులోంచి కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపితే, ఆ గాలే గొంతుని తెరిచి పట్టుకుంటుంది. ఇంజనీర్లకి నచ్చే వైద్యం.

ఇక్కడ నిజాయితీగా మరో మాట కూడా చెప్పాలి. సిపాప్ పెట్టుకుంటే గుండెపోటు, పక్షవాతం తగ్గుతాయా అని ఏడు దేశాల్లో 2,717 మంది మీద పెద్ద పరీక్ష చేసి 2016లో ఫలితాలు ప్రకటించారు. అందులో భారతదేశం కూడా ఉంది. అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో వచ్చినవాళ్ళ మీద చేసిన ఆ పరీక్షలో, మాస్కు వల్ల అవి మళ్ళీ రావడం తగ్గినట్టు కనపడలేదు. నిరాశ కలిగించే ఫలితమే. అయితే వాళ్ళు మాస్కు వాడింది సగటున రాత్రికి 3.3 గంటలే. నిద్రమత్తు మరీ ఎక్కువగా ఉన్నవాళ్ళను అందులో చేర్చుకోలేదు కూడా. గురక, పగటి నిద్ర తగ్గాయి, మనసు తేలికపడింది, బతుకు మెరుగైంది. అంటే ఈ కథ ఇంకా ముగియలేదు. మాస్కు గుండెకి రక్షరేకు అని నేను మీకు చెప్పను. నా వరకు, కారు నడుపుతూ కళ్ళు మూసుకోకపోవడం ఒక్కటే చాలు.

మాస్కు సరిపడనివాళ్ళకి వేరే దారులున్నాయి. కింది దవడని కాస్త ముందుకి జరిపి ఉంచే పళ్ళ సెట్టు లాంటిది దంతవైద్యులు చేసిస్తారు. నాలుకని కదిలించే నరానికి చిన్న యంత్రం అమర్చే పద్ధతికి 2014లో ఇక్కడ ఎఫ్.డి.ఏ. అనుమతి వచ్చింది. 2024 డిసెంబరులో, స్థూలకాయంతో పాటు మధ్యస్థ లేదా తీవ్ర ఆప్నియా ఉన్న పెద్దలకి టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ని అనుమతించారు. బరువు తగ్గితే జబ్బు తగ్గుతుందన్నది పాత సత్యమే. రాత్రిపూట మందు కొట్టడం మానితే అందరికీ మంచిది. మద్యం గొంతు కండరాలని ఇంకా సడలిస్తుంది. ఇది వినగానే కొన్ని తలలు కిందికి దిగడం ఇక్కణ్ణుంచి నాకు కనిపిస్తూనే ఉంది.

అసలు చిక్కు మాస్కుతో కాదు, మొహమాటంతో. మొదటి రాత్రి అది పెట్టుకుని అద్దంలో చూసుకుంటే ఏనుగు తొండంలా ఉంది. మా అమ్మాయి వినాయకుడన్నది. రెండు వారాలు చిరాకుపడి తీసి అవతల పారేశాను. మూడో వారంలో ఒకరోజు పొద్దున్న అలారం లేకుండా మెలకువొచ్చింది. తలనొప్పి లేదు. కాలేజీ రోజుల తర్వాత అంత తేలిగ్గా లేచింది అదే. మన సభలకి వెళ్ళినప్పుడు స్నేహితులతో హోటల్ గది పంచుకోవాలంటే మొదట్లో సిగ్గుపడి యంత్రం ఇంట్లో వదిలేసేవాణ్ణి. ఒకసారి ధైర్యం చేసి తీసుకెళ్ళి బయటపెడితే, నా గదిలో మిగిలిన ఇద్దరిలో ఒకాయన కూడా మెల్లగా తన సంచి తెరిచాడు. అందులోనూ అదే యంత్రం.

ప్రయాణాలకి రెండు చిన్న చిట్కాలు. ఇక్కడి విమానాల్లో ఈ యంత్రాన్ని వైద్య పరికరంగా చూస్తారు, చేతి సంచుల లెక్కలోకి రాదు. చాలా యంత్రాల అడాప్టర్లు మన దేశపు కరెంటుకీ పనికొస్తాయి, అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసుందో లేదో చూసుకుని, ప్లగ్గు మార్చుకుంటే సరిపోతుంది.

ఇక మీరు ఇంటికెళ్ళి చెయ్యాల్సింది. టొరంటోలో డాక్టర్ ఫ్రాన్సెస్ చుంగ్ బృందం 2008లో తయారుచేసిన ఎనిమిది ప్రశ్నల పద్ధతి ఉంది. గట్టిగా గురక పెడతారా? పగలు అలసటగా ఉంటుందా? నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బీపీ ఉందా? ఒళ్ళు చాలా ఎక్కువా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? మగవారా? మూడింటికి అవునని వస్తే డాక్టరుతో మాట్లాడండి. ఒళ్ళు లేదు కదా అని ధీమా వద్దు. దవడ చిన్నదైనా, గొంతు ఇరుకైనా సన్నటి మనుషులకీ వస్తుంది. ఆడవాళ్ళు మరీ జాగ్రత్త. వాళ్ళలో చాలాసార్లు పెద్ద గురక ఉండదు, నీరసం, తలనొప్పి, నిద్రపట్టకపోవడం ఉంటాయి. ముట్లుడిగిన తర్వాత ఇది ఎక్కువవుతుంది. ‘ఇంటిపని అలసటలే’ అని కొట్టిపారేస్తాం. ఈ రోజుల్లో చాలామందికి ఇంట్లోనే పరీక్ష చెయ్యొచ్చు, వేలికి, ముక్కుకి చిన్న పరికరాలు తగిలించుకుని మన మంచం మీదే పడుకోవచ్చు.

ఇంకొక్క మాట. ఈ వేసవికి మనలో చాలామంది అమ్మానాన్నలు వస్తారు. పక్క గదిలోంచి నాన్నగారి గురక వినిపిస్తే, ఇంటికి వచ్చినట్టుంది అని మురిసిపోతాం. మురవండి. కానీ ఒక్క అయిదు నిమిషాలు తలుపు దగ్గర నిలబడి వినండి. గురక ఆగి, నిశ్శబ్దమై, గుటకతో మళ్ళీ మొదలవుతోందా? అయితే పొద్దున్న కాఫీ దగ్గర అమ్మని అడగండి. ఆవిడకి ఎప్పట్నుంచో తెలిసే ఉంటుంది. ఎవరూ అడగలేదు, అంతే.

మా నాన్నగారి గురక నేను అడగకుండానే ఇరవై ఏళ్ళు విన్నాను. మీకు అడిగే అవకాశం ఇంకా ఉంది.

ఓపిగ్గా విన్నారు. ఒక్కరు కూడా గురక పెట్టలేదు, సంతోషం. పదండి, బొబ్బట్లు చల్లారిపోతాయి.